ఇసుకా, రోడ్డా, చెరువు కట్టా? దూరం పరిగెత్తేవాళ్లు నేలని, షూని, విశ్రాంతిని, తూకాన్ని ఎంచుకునే తీరు

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిన వారానికి నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనూ, ఒంగోలు, కావలి, కందుకూరు గ్రౌండ్లలోనూ తెల్లారకముందే సందడి మొదలవుతుంది. మూడో వారానికి వాళ్లలో కొందరు గట్టు మీద కూర్చుని మోకాలి కింద ఎముక రుద్దుకుంటూ కనిపిస్తారు. షూ మారిస్తే పోతుందా, ఇసుకలో పరిగెత్తితే మేలా, వారం ఆగాలా, బరువు తగ్గితే నొప్పి తగ్గుతుందా అని అడుగుతారు. 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌కి తయారయ్యే ఉద్యోగస్తులవీ దాదాపు ఇవే ప్రశ్నలు.

ఏది ఎంచుకోవాలన్నా ముందు ఒక్క సంగతి చూసుకోండి. పోయిన నెలంతా మీ కాళ్లు ఏ పనికి అలవాటు పడ్డాయి? దానికి దగ్గరగా ఉన్నదే మీకు మంచిది. మార్చాలంటే ఒకసారికి ఒకటే మార్చాలి. ఆయాసం రెండు మూడు వారాల్లో తగ్గుతుంది గానీ, ఎముక, కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి అందుతోంది కదా అని దూరం పెంచేస్తే కాళ్లు ఇంకా వెనకే ఉంటాయి. కొత్త షూ వేసుకుని, కొత్త నేల మీద, కొత్త వేగంతో ఒకే వారంలో మొదలుపెడితే గాయం అవడమే కాదు, దేనివల్ల అయిందో తేల్చుకోవడం కూడా కుదరదు.

నేల

మైపాడు, కొత్తపట్నం తీరాలు దగ్గరున్నవాళ్లకి ఇసుక మీద మోజు సహజం. ఇసుక మెత్తన, కాబట్టి కాళ్లకి మంచిదన్న మాటలో సగమే నిజం. పొడి ఇసుకలో పాదం తాకిడి తగ్గుతుంది. కానీ నేల వెనక్కి జారిపోతుంది కాబట్టి అదే వేగానికి గట్టి నేల మీదకంటే సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది. ఆ భారమంతా పిక్కల మీద, మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు మీద పడుతుంది. మడమ ఇసుకలో దిగబడ్డ ప్రతిసారీ ఆ స్నాయువు మామూలుకంటే ఎక్కువ సాగుతుంది. అంచేత పొడి ఇసుకని బలం పెంచే కసరత్తుగా మాత్రమే వాడుకోండి. వారానికి ఒకసారి, 10 నిమిషాలతో మొదలుపెట్టి 20 దాకా చాలు. దూరం పెంచుకోవడానికి అది చోటు కాదు.

అల వెనక్కి పోయాక గట్టిపడే తడి ఇసుక వేరు. నీళ్లు బాగా లోపలికి తగ్గిన వేళ వెడల్పుగా, చదునుగా దొరుకుతుంది, హాయిగా పరిగెత్తవచ్చు. చిక్కల్లా వాలుతోనే. సముద్రం వైపు కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. అలా 5 కిలోమీటర్లు ఒకే దిక్కుగా పోతే మోకాలి బయటి పక్కన, తుంటి దగ్గర నొప్పి మొదలవుతుంది. పోయినంత దూరం వెనక్కి రావడం దీనికి సగం మందు. వాలు ఎక్కువున్న రోజు సరుగుడు తోటల పక్కన ఉండే మట్టి దారికి మారిపోండి.

తారు రోడ్డు మీద పరిగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయన్న భయం చాలామందిలో ఉంది. నేల గట్టిగా ఉంటే కాలు తనంతట తానే కొంచెం ఎక్కువ మడుచుకుని తాకిడిని సర్దుకుంటుంది, మెత్తగా ఉంటే బిగుసుకుంటుంది. అందుకే మెల్లగా అలవాటు చేసుకున్నవాళ్లకి తారు రోడ్డు బాగానే పనికొస్తుంది. అసలు ఇబ్బందులు రెండు. ఒకటి, వాన నీరు పోవడానికి రోడ్డుని అంచులవైపు వాలుగా వేస్తారు. వాహనాలకి ఎదురుగా, కుడి అంచున పరిగెత్తడమే క్షేమం. కానీ అప్పుడు కుడికాలు పల్లంలో పడుతూ ఉంటుంది. రద్దీ లేని ఊరి రోడ్డయితే నడిమధ్యన పరిగెత్తండి. రెండోది వాహనాలు. పదహారో నంబరు జాతీయ రహదారి అంచు పరుగుకు పనికిరాదు, చీకట్లో అసలే వద్దు. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో దుమ్ము కూడా తోడవుతుంది. పక్కనున్న సర్వీసు రోడ్డో, లోపలి పల్లెల మధ్య రోడ్డో ఎంచుకోండి, వీపు మీద వెలుగు పడితే మెరిసే పట్టీ కట్టుకోండి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దూరపు పరుగుకి చెరువు కట్టలు, కాలవ గట్లు, గట్టి మట్టి డొంకలే మొదటి ఎంపిక. తొక్కిడి పడి గట్టిపడ్డ ఎర్రమట్టి దారి అటు మరీ గట్టిగానూ, ఇటు మరీ మెత్తగానూ ఉండదు. పాదం పడ్డ ప్రతిసారీ కొద్దిగా వేరే కోణంలో పడుతుంది కాబట్టి ఒకే చోట భారం పేరుకోదు. అయితే నల్లరేగడి ఉన్న చోట కాలం చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఒక్కో షూకి పెద్ద మట్టి ముద్ద అంటుకుంటుంది, నడక కూడా కష్టమే. ఏప్రిల్, మేల్లో నేల నెర్రెలు ఇచ్చి చీలమండ మడత పడుతుంది. సర్కారు తుమ్మ ముల్లు ఇంకో శత్రువు. మెత్తటి నురుగు సోలులోకి నేరుగా దిగిపోయి నాలుగు రోజుల తర్వాత పాదానికి తగులుతుంది. కట్ట మీద పరిగెత్తి వచ్చాక సోలు మీద ఒకసారి అరచేయి తిప్పి చూడటం అలవాటు చేసుకోండి.

స్టేడియం గ్రౌండ్ వేగం కొలుచుకోవడానికి మంచిది. 400 మీటర్ల ట్రాకులో ఆ కొలత మొదటి లేనుకే వర్తిస్తుంది. ఎనిమిదో లేనులో ఒక చుట్టు సుమారు 453 మీటర్లు. టైమ్ సరిగా రావడం లేదని కంగారుపడే కొందరు అసలు బయటి లేనులో పరిగెత్తుతుంటారు. చాలా కాలేజీ గ్రౌండ్లు కొలిచి గీసినవీ కావు. చేతి గడియారం చూపించే దూరం మలుపుల్లో తప్పుతుంది కాబట్టి ఒకసారి టేపుతో కొలుచుకోండి. ఎప్పుడూ ఎడమవైపే తిరగడం వల్ల ఒక కాలి మీద ఎక్కువ భారం పడుతుంది. వేడెక్కే పరుగు, చివర్లో చల్లబడే పరుగు ఎదురు దిశలో చేయండి.

ట్రెడ్‌మిల్లు మే నెల కోసం, తుపాను రోజుల కోసం. ఒక శాతం ఎత్తు పెట్టుకుంటే బయటి పరుగుకి దగ్గరగా ఉంటుంది, ఫ్యాను ఎదురుగా ఉండాలి.

వారానికి నాలుగు రోజులు పరిగెత్తేవాళ్లయితే రెండు రోజులు కట్ట మీద, ఒక రోజు గ్రౌండులో, ఒక రోజు మీ పోటీ ఏ నేల మీద జరుగుతుందో ఆ నేల మీద పరిగెత్తండి. రోడ్డు పోటీకి పోయేవాళ్లు ఏడాదంతా మట్టి మీదే పరిగెత్తి, చివరి రోజు 21 కిలోమీటర్లు తారు మీద పడితే పిక్కలు పట్టేస్తాయి.

రోజూ టైమ్ తీయడమా, నెమ్మది పరుగా

పోలీసు పరీక్షకి మగవాళ్లు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి, అంటే 400 మీటర్ల చుట్టుకి 2 నిమిషాలు. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లకి పూర్తి మార్కులు రావాలంటే 5 నిమిషాల 30 సెకన్లు, చుట్టుకి 82 సెకన్ల చొప్పున. ఈ రెండింటికీ కుర్రాళ్లు చేసే తయారీ మాత్రం ఒకటే. రోజూ పొద్దున్నే 1600 ప్రాణం పెట్టి పరిగెత్తడం, టైమ్ రాసుకోవడం. పది రోజులు టైమ్ తగ్గుతుంది, తర్వాత ఆగిపోతుంది, ఆ తర్వాత కాలు నొప్పి మొదలవుతుంది. రోజూ పరీక్ష రాస్తుంటే చదువుకునేదెప్పుడు?

దీనికి బదులు వారంలో మూడు రోజులు 30 నుంచి 40 నిమిషాలు, పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరిగెత్తండి. ఒక రోజు వేగం. 8 నిమిషాలు లక్ష్యమైతే 400 మీటర్లు ఆరుసార్లు, ఒక్కొక్కటి 1 నిమిషం 55 సెకన్ల దగ్గర, మధ్యలో 2 నిమిషాల నడక. 5:30 లక్ష్యమైతే అదే ఆరుసార్లు 80, 82 సెకన్ల మధ్య, విశ్రాంతి 3 నిమిషాలు. ఇంకో రోజు 50 నుంచి 60 నిమిషాల పొడవు పరుగు. టైమ్ తీయడం మూడు వారాలకి ఒకసారి చాలు.

దూరం పెంచేటప్పుడు వారం మొత్తంలో పది శాతం అన్న పాత లెక్కకంటే, ఒక్కో పరుగు లెక్క చూసుకోవడం మేలు. గత 30 రోజుల్లో మీరు చేసిన అతి పొడవైన పరుగు 8 కిలోమీటర్లు అయితే, ఈ ఆదివారం దానికి పది శాతం కలిపి 8.8 దాటొద్దు. ఐదు వేల మందికి పైగా పరుగువాళ్లని గమనించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే పరుగులో ఆ పది శాతం హద్దు దాటినవాళ్లకే గాయాలు ఎక్కువయ్యాయి. స్నేహితుల ఉత్సాహంతో ఒక్కసారిగా 8 నుంచి 14కి పోవడమే మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు.

షూ: వెయ్యి, నాలుగు వేలు, పదిహేను వేలు

వెయ్యి లోపు దొరికే స్పోర్ట్స్ షూలలో చాలావాటి సోలు గట్టి పీవీసీ. తెల్ల కాన్వాస్ షూలు కూడా ఈ కోవలోవే, అడుగున పలచటి రబ్బరు తప్ప ఏమీ ఉండదు. స్కూలు డ్రిల్లుకి సరే గానీ వారానికి 20 కిలోమీటర్లకి సరిపోవు. పేరున్న కంపెనీ గుర్తు వేసి అమ్మే ఫస్ట్ కాపీల్లో పైన బట్ట అచ్చం ఒరిజినల్‌లాగే ఉంటుంది, అడుగున ఉండేది మళ్లీ ఆ పీవీసీయే. చేతిలోకి తీసుకోగానే బరువు తేడా తెలుస్తుంది. బొటనవేలితో సోలు పక్కన గట్టిగా నొక్కండి. నురుగు అయితే కొద్దిగా లోపలికి పోయి మళ్లీ పైకి వస్తుంది. పీవీసీ కదలదు.

రెండున్నర వేల నుంచి ఐదు వేల మధ్య దొరికే ఈవీఏ నురుగు సోలు షూ పరుగు నేర్చుకునేవాళ్లలో ఎక్కువమందికి సరిపోతుంది. ఎనిమిది వేలు దాటిన వాటిలో నురుగు మందంగా, తేలిగ్గా ఉంటుంది, వారానికి 40 కిలోమీటర్లు దాటినవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది. పదిహేను వేలు దాటిన కార్బన్ ప్లేటు షూలు పోటీ రోజు కోసం పుట్టినవి. అవి శక్తిని ఆదా చేయడం నిజమే, రోడ్డు పోటీల్లో సోలు మందం 40 మిల్లీమీటర్లు మించకూడదని వరల్డ్ అథ్లెటిక్స్ నిబంధన పెట్టడానికి కారణం కూడా అదే. కానీ బిగుసుగా ఉండే ఆ ప్లేటు పాదం వంగే తీరును మార్చేస్తుంది. రోజూ వాడితే పాదం మధ్య ఎముకలకి అలవాటు లేని భారం. హాఫ్ మారథాన్ రెండు గంటల్లో పూర్తి చేసేవాళ్లు ఆ డబ్బుతో రెండు జతలు మామూలు షూ కొనుక్కోవడం తెలివైన పని.

రెండు జతలు ఉండటం మన వాతావరణానికి చాలా అవసరం. తీరం గాలిలో చెమ్మ ఎక్కువ, చెమటతో నానిన షూ మర్నాటికి ఆరదు. తడి షూలో చర్మం నాని పొక్కులు లేస్తాయి. గబగబా ఆరాలని మిద్దె మీద మే ఎండలో పెడితే సోలు జిగురు వదిలేస్తుంది. లోపలి అట్ట తీసి, పాత న్యూస్ పేపర్ ఉండలు కుక్కి, నీడలో ఫ్యాను కింద పెట్టండి, రెండు గంటలకొకసారి కాగితం మార్చండి. రెండు జతలు కొంచెం వేరువేరు రకాలయితే ఇంకా మంచిది, భారం పడే చోటు రోజురోజుకీ మారుతుంది.

కొట్లో "మీది చదును పాదం, మీకు సపోర్టు షూ కావాలి" అని కొందరు చెబుతారు. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకి పాదం వంపు చూసి దానికి తగ్గ షూ ఇచ్చి పరీక్షించారు. అందరికీ ఒకే రకం ఇచ్చిన గుంపుతో పోలిస్తే గాయాలు తగ్గలేదు. తడి పాదం ముద్ర చూసి షూ కొనే పద్ధతి వదిలేయండి. వేసుకుని నాలుగడుగులు పరిగెత్తినప్పుడు ఏది హాయిగా ఉందో అదే మీది.

చూడాల్సిన కొలత ఇంకోటి ఉంది: మడమ దగ్గర సోలు మందానికి, వేళ్ల దగ్గర మందానికి ఉన్న తేడా. దీన్ని డ్రాప్ అంటారు. 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటే పిక్కకి, అకిలిస్‌కి సుఖం, మోకాలి మీద కొంచెం ఎక్కువ భారం. 0 నుంచి 4 ఉంటే మోకాలికి ఊరట, పిక్కకి పని ఎక్కువ. మోకాలి ముందు నొప్పి వచ్చేవాళ్లు తక్కువ డ్రాప్ వైపు, మడమ వెనక నొప్పి వచ్చేవాళ్లు ఎక్కువ డ్రాప్ వైపు మొగ్గాలి. అదీ మెల్లగా. 10 నుంచి 4కి మారేవాళ్లు మొదటి రెండు వారాలు కొత్త షూతో 2, 3 కిలోమీటర్లే పరిగెత్తి, మిగతాది పాత షూతో చేయాలి.

సైజుకి సాయంత్రం పోండి, పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. పరిగెత్తేటప్పుడు వేసుకునే మేజోళ్లే తీసుకెళ్లండి. అన్నిటికంటే పొడవైన వేలికీ షూ ముక్కుకీ మధ్య ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కొందరికి బొటనవేలికంటే రెండోవేలు పొడవు, వాళ్లు దాన్ని చూసుకోవాలి. ఈ ఖాళీ లేకే గోళ్లు నల్లబడతాయి. మేజోళ్లు నూలువి వద్దు, చెమట పట్టి ఉంచుతాయి. పాలిస్టర్ కలిసినవి తీసుకోండి. కొన్న తేదీ షూ నాలుక లోపలివైపు పెన్నుతో రాసి పెట్టండి. 500 నుంచి 800 కిలోమీటర్లకి నురుగు చచ్చిపోతుంది, పైన బట్ట కొత్తగానే కనిపిస్తుంది. వారానికి 30 కిలోమీటర్లు ఒకే జతతో పరిగెత్తేవాళ్లకి అది సుమారు నాలుగు నుంచి ఆరు నెలలు.

వట్టి కాళ్ల సంగతి. చిన్నప్పటి నుంచి పొలం గట్ల మీద వట్టి కాళ్లతో తిరిగిన కుర్రాళ్లకి షూ తప్పనిసరి అనేమీ లేదు. గట్టి మట్టి గ్రౌండులో 1600 మీటర్లు వట్టి కాళ్లతో బాగా పరిగెత్తేవాడు పరీక్షకి వారం ముందు కొత్త షూ కొనుక్కోవడం పొరపాటు. పట్నంలో చెప్పులతో పెరిగినవాళ్లు ఎవరినో చూసి వట్టి కాళ్లతో మొదలుపెట్టడం కూడా అంతే పొరపాటు. పల్లేరు కాయలు, గాజు పెంకులు ఉన్న చోట ఎవరికైనా షూ ఉండాల్సిందే.

నొప్పి: పరిగెత్తడమా, ఆపడమా

మోకాలి కింద, లోపలి ఎముక వెంబడి వచ్చే నొప్పి రెండు రకాలు. ఈ రెండింటినీ వేరు చేయడం తెలిస్తే సగం నష్టం తప్పినట్టే. వేలితో ఎముక అంచున కింది నుంచి పైకి నొక్కుతూ రండి. నాలుగు వేళ్ల వెడల్పు దాకా పరుచుకుని సలుపుగా ఉండి, పరుగు మొదట్లో ఎక్కువగా ఉండి వేడెక్కాక తగ్గితే అది షిన్ స్ప్లింట్స్. ఒకే చోట, రూపాయి బిళ్లంత మేర నొక్కగానే ప్రాణం పోయినట్టుంటే, పరుగు సాగేకొద్దీ పెరుగుతుంటే, ఆ కాలి మీద ఒంటికాలితో గెంతలేకపోతే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే అది ఎముకకి పట్టిన సన్న పగులు, స్ట్రెస్ ఫ్రాక్చర్, కావచ్చు.

మొదటి రకానికి పూర్తి విశ్రాంతి అక్కర్లేదు. దూరం సగానికి తగ్గించి, వేగపు పరుగు మానేసి, మట్టి దారికి మారి, పిక్కల బలం పెంచుకుంటే మూడు నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. రెండో రకంలో ఒక్క రోజు కూడా పరిగెత్తకూడదు. అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఈ పగులు కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ గ్రౌండుకి పోయి పూర్తిగా విరగ్గొట్టుకుంటారు. అనుమానం ఉంటే ఎంఆర్ఐ తేలుస్తుంది. నెల్లూరు జీజీహెచ్‌లోనో, ఒంగోలు రిమ్స్‌లోనో ఎముకల ఓపీకి పోయి "ఒకే చోట నొప్పి, పరిగెత్తితే పెరుగుతోంది, ఇన్ని వారాల్లో ఇంత దూరం పెంచాను" అని స్పష్టంగా చెప్పండి. ఈ చివరి ముక్క చెప్పకపోతే మామూలు కండరాల నొప్పి కిందికి పోయే ప్రమాదం ఉంది. గజ్జల్లో లోతుగా వచ్చే నొప్పికి అసలు ఆలస్యం చేయవద్దు. తొడ ఎముక మెడ దగ్గర పగులు పట్టి ఉంటే ఆపరేషన్ దాకా పోతుంది.

ఏ నొప్పో తేలకముందే గట్టిగా మర్దన చేయించడం, పుత్తూరు కట్టుకి పరిగెత్తడం వద్దు. పగులు ఉన్న ఎముక మీద మర్దన హాని చేస్తుంది. సన్న పగులుకి కావలసింది భారం తీసేయడం, ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువ. ఆ రోజుల్లో నొప్పి లేకుండా సైకిల్ తొక్కగలిగితే, డాక్టరు సరేనంటే, తొక్కండి, ఊపిరి బలం పోకుండా ఉంటుంది.

మడమ వెనక స్నాయువు పొద్దున్నే బిగుసుకుపోయి ఉండటం, మడమ కింద మంచం దిగిన మొదటి అడుగుకే గుచ్చినట్టు ఉండటం వేరు లెక్క. ఇవి పూర్తిగా ఆపితే తగ్గవు, తగ్గినట్టు అనిపించి మళ్లీ మొదలుపెట్టగానే తిరిగొస్తాయి. వీటికి మెల్లగా పెంచే బరువే వైద్యం. అకిలిస్‌కి మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న ఒక్క కాలితో మెల్లగా కిందికి దిగాలి. 15 సార్లు చొప్పున మూడు విడతలు మోకాలు చాచి, మూడు విడతలు మోకాలు కొద్దిగా వంచి, రోజుకి రెండుపూటలా, 12 వారాలు. నొప్పి సరిగ్గా మడమ ఎముకకి అంటుకునే చోట ఉంటే మెట్టు కిందికి దిగకుండా చదును నేల మీదే చేయాలి. మడమ కింది నొప్పికి తువ్వాలు చుట్టి కాలివేళ్ల కింద పెట్టి, ఒంటికాలి మీద 3 సెకన్లలో లేచి, 2 సెకన్లు ఆగి, 3 సెకన్లలో దిగాలి. 12 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. పది రోజులకి ఫలితం లేదని చాలామంది మానేస్తారు, తేడా తెలిసేది ఆరో వారం నుంచి.

మోకాలిచిప్ప చుట్టూ, మెట్లు దిగేటప్పుడు వచ్చే నొప్పికి మోకాలి పట్టీ కొనడంకంటే అడుగులు చిన్నవి చేయడం ఎక్కువ పని చేస్తుంది. నిమిషానికి 160 అడుగులు పడుతుంటే 170 చేయండి, వేగం మార్చకుండా.

నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక. హెచ్చరించే గొంతు నొక్కేయడం ఒక నష్టం. మన ఎండలో ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మూత్రపిండాల్ని దెబ్బతీయడం ఇంకో నష్టం.

మళ్లీ మొదలుపెట్టడానికి గుర్తు: 30 నిమిషాలు చురుగ్గా నడిచినా, ఒంటికాలితో పదిసార్లు గెంతినా నొప్పి రాకూడదు. అప్పుడు ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పదిసార్లు. రోజు విడిచి రోజు రెండుసార్లు బాగుంటే రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. ఆ తర్వాత నాలుగు, ఒకటి. నొప్పికి సున్నా నుంచి పది దాకా అంకె ఇచ్చుకుంటే అది మూడు దాటితేనో, మర్నాటి పొద్దున కూడా ఉంటేనో ఒక మెట్టు వెనక్కి రండి. స్ట్రెస్ ఫ్రాక్చర్ అయినవాళ్లకి ఆ మూడు కూడా ఉండకూడదు, సున్నా ఉండాలి.

తూకం: జిమ్ యంత్రమా, టేపా

జిమ్ముల్లో మెషిన్ ఎక్కితే ఒంట్లో కొవ్వు ఇంత శాతం అని కాగితం వస్తుంది. అది ఒంట్లోకి చిన్న కరెంటు పంపి, ఒళ్లు ఎంత అడ్డుకుంటుందో చూసి వేసే అంచనా. నీరు ఎంత ఉందన్నదాని మీద లెక్క మారిపోతుంది. పరిగెత్తి చెమటోడ్చి ఎక్కితే ఒక అంకె, రెండు గ్లాసులు మజ్జిగ తాగి ఎక్కితే ఇంకోటి. వాడాలంటే నెలకొకసారి, పొద్దున్నే ముఖం కడుక్కుని, మంచినీళ్లు తాగకముందు, అదే యంత్రం మీద. రెండు యంత్రాల అంకెల్ని పోల్చవద్దు. చర్మం మడత పట్టి కొలిచే క్యాలిపర్ చేయి తిరిగినవాళ్ల దగ్గరైతే మంచిదే, ప్రతిసారీ అదే మనిషి కొలవాలి. ఎక్స్‌రేతో ఎముకనీ కొవ్వునీ కొలిచే డెక్సా స్కాన్ వీటన్నిటికంటే నమ్మదగింది, కానీ మామూలు పరుగువాళ్లకి ఆ ఖర్చు అక్కర్లేదు. పదే పదే ఎముకలు చిట్లేవాళ్లకి ఎముక బలం చూడటానికి మాత్రం డాక్టరు రాస్తారు.

మిగతా అందరికీ కుట్టుపని టేపు చాలు. బొడ్డు దగ్గర నడుము కొలత మీ ఎత్తులో సగానికి లోపు ఉంటే బరువు గురించి ఆలోచించడం మాని పరుగు మీద దృష్టి పెట్టండి. 170 సెంటీమీటర్ల మనిషికి 85. అంతకు మించి ఉంటే నెలకి కిలోన్నర, రెండు కిలోలు తగ్గడం క్షేమం, అదీ దూరం పెంచని నెలల్లో. దూరం పెంచడం, తిండి తగ్గించడం ఒకేసారి చేస్తే ఎముక మరమ్మతుకి సరుకు ఉండదు.

సన్నగా ఉన్నవాళ్లు ఇంకా తగ్గితే వేగం వస్తుందని అన్నం మానేయడం మా దృష్టిలో పెద్ద ప్రమాదం. చాలినంత తిండి లేకుండా పరిగెత్తేవాళ్లకి వచ్చే జబ్బుల గుంపుకి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. జలుబు తరచుగా రావడం, నిద్ర పట్టకపోవడం, టైమ్ తగ్గకపోవడం, ఎముక చిట్లడం దీని గుర్తులు. ఆడపిల్లలకి మూడు నెలలు నెలసరి ఆగితే పరుగువాళ్లకి అది మామూలే అని సరిపెట్టుకోవద్దు, డాక్టరు దగ్గరకి పోవాలి. హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఇనుము నిల్వ చూపే ఫెర్రిటిన్ పరీక్ష కూడా చేయించమని అడగండి.

60 కిలోల మనిషి రోజుకి 95 గ్రాముల దగ్గర మాంసకృత్తులు తినాలి. పొడి డబ్బా లేకుండా ఇది కుదురుతుంది: మూడు గుడ్లు, వండకముందు 100 గ్రాములు తూగే పప్పు, 150 గ్రాముల చేప, అర లీటరు పాలో పెరుగో, గుప్పెడు వేరుశనగలు. మిగతాది అన్నంలోనే వస్తుంది. చేప తిననివాళ్లు పప్పు, పెరుగు పెంచాలి. రాగి సంకటి ఉన్న ఇళ్లలో సున్నం (కాల్షియం) లోటు కూడా తీరుతుంది.

ఎండాకాలంలో ఆ తూకం యంత్రాన్ని ఇంకో మంచి పనికి వాడండి. పరుగుకి ముందు, తర్వాత, తడి బట్టలు విప్పి బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగినది కూడా దానికి కలపాలి. బరువులో రెండు శాతం కంటే ఎక్కువ తగ్గితే మధ్యలో తాగేది చాలడం లేదు. పెరిగితే అతిగా తాగుతున్నారు, ఉప్పు లేని నీళ్లు అలా తాగడం ప్రమాదం. గంట దాటే పరుగుకి ఓఆర్ఎస్ గానీ, ఉప్పేసిన పలచటి మజ్జిగ గానీ తీసుకెళ్లండి. ఓఆర్ఎస్ లేకపోతే లీటరు నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. మే నెలలో పొద్దున ఐదుకి గాలిలో చెమ్మ ఎక్కువే అయినా సాయంత్రం ఆరు గంటల వేడికంటే అదే నయం. ఎండకి ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఆ రోజుల్లో గడియారం చూడకుండా పరిగెత్తండి. తోటివాడు తూలుతూ, పొంతన లేని మాటలు మాట్లాడితే నీడకి చేర్చి, చొక్కా విప్పి, ఒళ్లంతా చన్నీళ్లు ధారగా పోస్తూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాడికి నోట్లో నీళ్లు పోయవద్దు.